సి. ఎం. సి. : ఒక కంప్యూటరు కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు

ఉగాదికి వూరికి పోయే బండిలో బెర్తు దొరికినదా లేదా అన్నది మన షోలాపూరు తెలుగు కుటుంబాలలో ఏటేటా వచ్చే ముచ్చటే. తాత ముత్తాతలు మగ్గం పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ స్థిరపడి ఎన్ని తరాలైనా, కరీంనగరం వైపో నల్లగొండ వైపో ఒక వూరి పేరు ప్రతి ఇంటిలోను మిగిలే వున్నది. "సికింద్రాబాదు దాక ఇయ్యి బిడ్డా, ఆడికెల్లి బస్సుల పోతం" అని నా రిజర్వేషను కిటికీ దగ్గర అడిగే పెద్దలను ఎందరినో చూస్తున్నాను. నేను కొన్ని మీటలు నొక్కుతాను. కాగితం బయటికి వస్తుంది. నిరుడు ఒక అవ్వ చిల్లర కొంగున ముడివేసుకొంటూ, "మా పేర్లు ఆడ ఎవలు రాసుకుంటరు?" అని అడిగినది. వెనుక వరుస పెద్దది. సరియైన జవాబు చెప్పలేకపోయాను. ఆ జవాబే ఈ వ్యాసము.

ఆమె ప్రశ్నకు జవాబు చెప్పాలంటే ఒక కంపెనీ చరిత్ర చెప్పవలసి వున్నది. సాఫ్టువేరు కంపెనీ అనగానే మన పిల్లల నోట రెండు మూడు పేర్లే వస్తాయి. 1968లో బొంబాయిలో మొదలైన టాటా కన్సల్టెన్సీ, 1981లో మన పక్కనున్న పూణేలో పుట్టి బెంగుళూరు చేరిన ఇన్ఫోసిస్, ఇట్లాంటివి. వాటిని గురించి వ్రాసినవారు చాలామంది వున్నారు. నేను చెప్పబోయేది సి. ఎం. సి. అనే సర్కారు కంపెనీని గూర్చి. ఈనాడు ఆ పేరుతో కంపెనీ లేదు. కాని మన దేశంలో సామాన్య మానవుడు, చదువు వచ్చినవాడూ రానివాడూ, మొట్టమొదట కంప్యూటరుతో పని పడి ఎదుట నిలిచినది ఎక్కువగా ఆ కంపెనీ కట్టిన వ్యవస్థ ముందరనే. నేను ఇంజనీరును కాను, మెట్రిక్ చదివి గుమాస్తాగిరిలో చేరినవాడను. కనుక యంత్రం సంగతులు నాకు అర్థమైన మాటలలోనే చెబుతాను.

కథ మొదలు ఆ కంపెనీతో కాదు, ఐ. బి. ఎం. అనే అమెరికా కంపెనీతో. మన దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన కొద్ది సంవత్సరాలకే ఆ కంపెనీ ఇక్కడ దుకాణం పెట్టినది. తన యంత్రాలను అది సాధారణంగా అమ్మేది కాదు, అద్దెకిచ్చేది. అవతలి దేశాలలో వాడి వాడి తీసివేసిన యంత్రాలను ఇక్కడికి తెచ్చి, విప్పి తుడిచి మళ్ళీ బిగించి, నెల అద్దె పుచ్చుకొనేది. అందులో 1401 అనే నమూనా మన దేశంలో బాగా ప్రచారంలోకి వచ్చినది. 1960 దశాబ్దం ముగిసేసరికి మా రైల్వే జోన్లలోను ఈ 1401లు చేరాయి. జీతాల పట్టీలు, సరుకుల బండ్ల రాబడి లెక్కలు వాటిమీద వేసేవారు. అట్టముక్క కార్డులకు చిల్లులు పొడిచి, ఆ కార్డుల కట్టను యంత్రానికి తినిపిస్తే అది లెక్క వేసి పెట్టేది. ప్రయాణీకుడు మాత్రం ఆ యంత్రాన్ని ఏనాడూ చూడలేదు. అది లెక్కల ఆఫీసులో, చల్లని గదిలో, తలుపులు మూసుకొని వుండేది.

1973లో విదేశీ మారకద్రవ్య నియంత్రణ చట్టం వచ్చినది. విదేశీ కంపెనీలు ఇక్కడి తమ వ్యాపారంలో నూటికి 40 వంతులకు మించి వాటా వుంచుకొనరాదని, మిగిలినది భారతీయులకు ఇవ్వవలెనని ప్రభుత్వం పట్టుబట్టినది. మొత్తం వాటా తనదిగానే వుండాలని ఐ. బి. ఎం. పట్టుబట్టినది. మాటలు సంవత్సరాల తరబడి సాగాయి. 1977లో జనతా ప్రభుత్వం వచ్చి జార్జి ఫెర్నాండెజ్ పరిశ్రమల మంత్రి అయిన తరువాత తెగతెంపులు జరిగాయి. ఆ యేడే కోకాకోలా వెళ్ళిపోయినది, 1978లో ఐ. బి. ఎం. వెళ్ళిపోయినది. కోకాకోలా పోతే జనం మరొక సోడా తాగారు. ఐ. బి. ఎం. పోతే, దేశమంతటా వందలాది చోట్ల పడివున్న ఆ యంత్రాలు చెడిపోయిన నాడు వాటిని విప్పేవాడెవడు? రైల్వేలో నెలాఖరు జీతాల లెక్క ఆగిపోతే ఏం జరుగుతుందో నాలాంటి వుద్యోగికి వేరే చెప్పనక్కరలేదు.

ఈ చిక్కు రాగలదని ముందుగానే వూహించినవారు ఢిల్లీలో కొందరు వున్నారు. 1970లో ఎలక్ట్రానిక్సు శాఖ, 1971లో ప్రొఫెసరు ఎం. జి. కె. మీనన్ గారి నాయకత్వాన ఎలక్ట్రానిక్సు కమిషను ఏర్పడ్డాయి. అప్పటికే మన హైదరాబాదులో 1967లో ఇ. సి. ఐ. ఎల్. స్థాపన జరిగి, పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లు వాస్తవ్యులైన డాక్టరు అయ్యగారి సాంబశివరావు గారి ఆధ్వర్యంలో స్వదేశీ కంప్యూటర్లు తయారవుతున్నాయి. 1969లో వచ్చిన టి. డి. సి. 12 వారిదే. యంత్రం చేసే సంస్థ అట్లా మనకు వున్నది. ఎవరు చేసిన యంత్రాన్నైనా బాగుచేసే సంస్థ లేదు. దానికోసం 1975 డిసెంబరులో ప్రభుత్వం ఒక కంపెనీని రిజిస్టరు చేయించినది. పేరు కంప్యూటర్ మెయింటెనెన్స్ కార్పొరేషన్, అనగా కంప్యూటర్ల మరమ్మతుల సంస్థ. గొప్ప పేరేమీ కాదు. పాదరక్షలు కుట్టేవాడు కొట్టు మీద "చెప్పులు బాగుచేయబడును" అని వ్రాసుకొన్నట్లుగా వున్నది.

ఐ. బి. ఎం. పోతూ పోతూ వదలిన పని ఈ కొత్త కంపెనీ భుజాన పడినది. ఐ. బి. ఎం. లో పనిచేసిన మన ఇంజనీర్లు కొందరు తమ సొంత సంస్థ పెట్టుకొన్నారు. మరికొందరు ఇందులో చేరారు. విడిభాగాలు దొరకవు, దొరికినా వాటికి విదేశీ మారకం కావాలి. నమూనాలు పాతవి, కొన్నిటికి తయారుచేసిన దేశంలోనే ఆదరువు లేదు. అయినా యంత్రాలు ఆగలేదు. నా అభిప్రాయంలో ఈ కంపెనీ అసలు చదువు ఇక్కడనే జరిగినది. కొత్త యంత్రం అమ్మేవాడు తన సరుకు గుణాలు చెబుతాడు. బాగుచేసేవాడు ఆఫీసులోకి వచ్చి, గుమాస్తా పక్కన స్టూలు వేసుకొని కూర్చొని, "ఏం చేస్తుండగా ఆగినది?" అని అడగవలసి వుంటుంది. అట్లా అడిగి అడిగి ఆ ఇంజనీర్లకు యంత్రం ఒక్కటే కాదు, ఆఫీసు పని కూడా తెలిసివచ్చినది. బ్యాంకు పని, విద్యుత్తు బోర్డు పని, రేవు పని, రైలు పని. ఐ. బి. ఎం. యంత్రాలే కాక రకరకాల కంపెనీల యంత్రాలు వారి చేతి కిందికి వచ్చాయి గనుక, ఏ ఒక్క కంపెనీ సరుకుకూ కట్టుబడిపోకుండా వుండగలిగారు.

1980 దశాబ్దం మొదట్లో సికింద్రాబాదులో పరిశోధనా కేంద్రం పెట్టారు. మరమ్మతుల కంపెనీకి పరిశోధన యెందుకని కొందరు నవ్వి వుండవచ్చు. కాని అప్పటికే వారు ప్రోగ్రాములు వ్రాసి పెద్ద పెద్ద వ్యవస్థలు కట్టే పనికి దిగారు. 1984లో పాత పొడుగు పేరు తీసివేసి సి. ఎం. సి. లిమిటెడ్ అని పెట్టుకొన్నారు. అప్పటి అధ్యక్షులు పి. పి. గుప్తా గారు. ఇక రైల్వే సంగతికి వస్తాను. నాకు ఇష్టమైన భాగం ఇదే గనుక కొంచెం విస్తరించి చెప్పినా పాఠకులు ఓర్చుకొనవలెను.

కంప్యూటరుకు ముందు రిజర్వేషను ఎట్లా జరిగేదో నేను కళ్ళారా చూడలేదు. నాకు పని నేర్పిన పెద్దాయన, మన తెలుగువాడే, ఆ కాలపు మనిషి. ఒక పెద్ద జంక్షనులో ఆయన ఎన్నో యేండ్లు రిజిస్టర్ల మీద కూర్చొన్నాడు. బండికొక రిజిస్టరు, తేదీకొక పుట, తరగతికొక పట్టిక. ఏ బండి రిజిస్టరు ఏ కిటికీ దగ్గర వుంటే ఆ బండికి అక్కడనే టిక్కెట్టు. మద్రాసు మెయిలుకు ఒక వరుస, సికింద్రాబాదు బండికి మరొక వరుస. తెల్లవారకముందే వచ్చి రెండు గంటలు నిలుచొన్నవాడు తీరా కిటికీ చేరి, ఆ బండిలో బెర్తు లేదని తెలిసి, మరొక బండి కావాలంటే మళ్ళీ మరొక వరుస తోకన నిలబడవలసినదే. ఆ కిటికీలోని గుమాస్తాకు పక్క కిటికీ రిజిస్టరులో ఏమున్నదో తెలియదు. లేచి వెళ్ళి చూద్దామంటే తన ముందున్న వరుస వూరుకోదు.

టిక్కెట్టు చిన్న గట్టి అట్టముక్క. ఇంగ్లండు దేశంలో ఎడ్మండ్సన్ అనే స్టేషను మాస్టరు 19వ శతాబ్దంలో కనిపెట్టిన ఆ పద్ధతి మన దేశంలో నూరేండ్లకు పైగా నడిచినది. దానిని తేదీ యంత్రంలో దూర్చి నొక్కితే తేదీ అచ్చు పడేది. బెర్తు నంబరు చేతితో వ్రాసేవారు. తిరుగు ప్రయాణం సంగతి చెప్పనే అక్కరలేదు. ఇక్కడినుండి వూరికి పోయి మళ్ళీ పండుగ మరునాడు రావాలంటే, ఆ వూరి స్టేషనుకు తంతి కొట్టించి, జవాబు కోసం రోజుల తరబడి కాచుకోవలసి వుండేది. జవాబు రాకపోతే అక్కడికి పోయిన తరువాత అక్కడి వరుసలో నిలబడాలి. వలస వచ్చిన మనలాంటివారికి, పోవటం కంటె రావటమే కష్టంగా వుండేదట.

పెద్దాయన ఒక సంగతి చెప్పాడు. పెండ్లిళ్ళ రోజులలో, రద్దీలో, ఒక రద్దు అయిన పేరు కొట్టివేసి ఆ బెర్తు వేరొకరికి వ్రాశాడు. కొట్టివేసిన గీత పక్క వరుసమీద పడినది. బండి వచ్చిననాడు ఒకే బెర్తుకు రెండు కుటుంబాలు, రెండింటిలోను ముసలివాళ్ళు. ఒక కుటుంబం రాత్రంతా తలుపు దగ్గర ట్రంకు పెట్టెలమీద కూర్చొని పోయినది. "రిజిస్టరుల ఒక్క గీత వంకర పోతె ఆ బండి గమ్యం చేరేదాక మన మెడల పాశమే బిడ్డా" అన్నాడు. అబద్ధపు పేర్లతో బెర్తులు పట్టి అమ్ముకొనే దళారులకు కూడా ఈ రిజిస్టరే ఆధారంగా వుండేది. ఏ పుట ఎప్పుడు నిండినదో బయటివాడు చూడలేడు గదా!

దీనిని కంప్యూటరు మీద ఎక్కించాలని రైల్వేవారు చాలాకాలంగా అనుకొంటున్నారు. విదేశాలలో విమానాల రిజర్వేషనుకు కంప్యూటర్లు అప్పటికే వున్నాయి. విమానానికి ఎక్కే చోటు, దిగే చోటు ఒకటి రెండే. మన మెయిలు బండి ముప్ఫయి నలభై చోట్ల ఆగుతుంది. ఒకే బెర్తును బొంబాయి నుండి షోలాపూరు దాకా ఒకరికి, అక్కడినుండి గుంతకల్లు దాకా ఇంకొకరికి ఇవ్వాలి. స్త్రీలకు ఒక కోటా, సైనికులకు ఒకటి, నడుమ స్టేషన్లకు వేరొకటి. రోగులకు, విద్యార్థులకు, వికలాంగులకు తలా ఒక రాయితీ. ఇవన్నీ పుస్తకాలలో వున్నవి కొన్ని, గుమాస్తాల అనుభవంలో మాత్రమే వున్నవి కొన్ని. పరదేశపు ప్రోగ్రాము కొని తెచ్చి పెడితే ఇది కుదరదు. పని సి. ఎం. సి. కి అప్పగించారు.

ఆ వ్యవస్థకు ఇంప్రెస్ అని పేరు పెట్టారు. కంప్యూటర్లు అమెరికాలోని డిజిటల్ కంపెనీవారి వ్యాక్స్ యంత్రాలు, ప్రోగ్రాము పూర్తిగా మనవారిది. 1985లో న్యూఢిల్లీలో పరీక్షార్థం మొదలుపెట్టి, 1986లో ప్రజలకు అందుబాటులోకి తెచ్చారు. రైల్వేవారి నియమాల పుస్తకాలు, గుమాస్తాల మాటలు, వాడుకలో వున్న రిజిస్టర్లు, ఈ మూడింటినీ కలిపి చదివి కట్టినది గనుకనే అది నిలబడిందని నా నమ్మకం. ఈనాటికీ మా తెరమీద కనబడే మాటలన్నీ ఆ రిజిస్టరు మాటలే. కోటా, వెయిటింగు లిస్టు, చార్టు. వాటిని మార్చి గొప్ప గొప్ప పేర్లు పెట్టలేదు.

అసలు కిటుకు ఏమిటని పిల్లలు అడుగుతారు. నాకు తెలిసినంతలో ఇది. ఇరవై కిటికీలలో ఇరవైమంది గుమాస్తాలు ఒకే క్షణాన ఒకే బండిలో మిగిలిన చివరి బెర్తును అడిగారనుకోండి. రిజిస్టరు ఒకటే అయితే ఒకరి తరువాత ఒకరు పుట తిప్పాలి. కంప్యూటరు కూడా అదే చేస్తుంది. ఒకరి కోరిక వచ్చిన వెంటనే ఆ బండి, ఆ తేదీ పుటకు తాళం వేస్తుంది. బెర్తు వున్నదా చూసి, పేరు వ్రాసి, డబ్బు లెక్క కట్టి, తాళం తీసి, తరువాతి వారికి ఇస్తుంది. ఇదంతా రెప్పపాటులో జరుగుతుంది గనుక ఎవరికీ ఆగినట్లు తోచదు. నడుమ కరెంటు పోయినా, సగం వ్రాసిన పేరు మిగిలిపోరాదు. వ్రాస్తే మొత్తం వ్రాయాలి, లేదా అసలు వ్రాయనట్లే వుండాలి. పెద్దాయన వంకర గీత పడిన చోటు ఇదే. ఆ గీతకు ఇక్కడ తావులేకుండా చేశారు.

గుమాస్తాలు భయపడలేదా అంటే, తప్పకుండా పడ్డారు. 1960 దశాబ్దంలో కలకత్తాలో జీవిత బీమా సంస్థ వుద్యోగులు కంప్యూటరును రానివ్వమని ఆఫీసు భవనం దగ్గర రాత్రింబవళ్ళు కాపలా కాసిన దేశం మనది. వారి భయం వుత్తది కాదు. పదిమంది చేసే కూడికలు ఒక యంత్రం చేస్తే మిగిలిన తొమ్మిదిమంది ఏమి తింటారు? రిజర్వేషను ఆఫీసులో మాత్రం వ్యవహారం కొంత వేరుగా నడిచినది. ప్రయాణీకులు ఏటేటా పెరుగుతున్నారు, కిటికీ తీసివేసే పరిస్థితి లేదు. పైగా రోజు చివర నగదు లెక్క తేలక రాత్రి పొద్దుపోయేదాకా కూర్చొనే బాధ తగ్గినది. చార్టులు చేతితో వ్రాసి వ్రాసి వేళ్ళు వంకరపోయిన వారికి, అచ్చు యంత్రం గడగడమని చార్టు వుమ్మివేస్తుంటే కలిగిన ఆనందం పెద్దాయన చెబితేనే వినాలి. ఏ కిటికీలోనైనా ఏ బండికైనా టిక్కెట్టు దొరకటం మాత్రం ప్రయాణీకునికి దక్కిన పెద్ద లాభం.

ఒక లోపం చెప్పక తప్పదు. మన తెలుగు పేర్లు ఆ పెట్టెలో ఇమడవు. పేరు వ్రాసే గది చిన్నది. ఇంటిపేరు, తండ్రిపేరు, తన పేరు మూడూ చెప్పే మనవారి పేర్లు తోక తెగి బయటికి వస్తాయి. చార్టులో ఆ పేరు హిందీ లిపిలోకి మారినప్పుడు మరొక అవతారం ఎత్తుతుంది. నరసవ్వ పేరు చదివి నరసవ్వ తానే గుర్తుపట్టలేని రోజులు వున్నాయి.

ఢిల్లీ తరువాత బొంబాయి, కలకత్తా, మద్రాసు, మన సికింద్రాబాదు. ఆ దశాబ్దం ముగిసే కాలానికి ఈ పెద్ద కేంద్రాలలో కంప్యూటరు రిజర్వేషను పాతుకొన్నది. కాని ఎవరి ఇల్లు వారిదే. ఢిల్లీ కంప్యూటరుకు మద్రాసు కంప్యూటరులో ఏమున్నదో తెలియదు. పూర్వపు రిజిస్టర్ల జబ్బే పెద్ద ఎత్తున తిరిగి వచ్చినట్లయినది. దీనికి మందు వేసినది సి. ఎం. సి. కాదు. రైల్వేవారు 1986లో క్రిస్ అనే తమ సొంత సంస్థను పెట్టుకొన్నారు. ఆ సంస్థవారు కన్సర్ట్ అనే కొత్త ప్రోగ్రాము వ్రాసి, 1994లో మొట్టమొదట సికింద్రాబాదులోనే పెట్టారు. 1999 నాటికి అయిదు కేంద్రాలూ ఒక దానితో ఒకటి ముడిపడ్డాయి. షోలాపూరులో కూర్చొని వరంగల్లు నుండి తిరుగు టిక్కెట్టు తీసుకొనే సదుపాయం, తంతి అక్కరలేకుండా, అట్లా వచ్చినది. 2002లో ఇంటర్నెట్టు ద్వారా టిక్కెట్లు మొదలయ్యాయి. నేను ఈనాడు నొక్కే మీటల వెనుక వున్నది క్రిస్ వారి వ్యవస్థ. సత్యం చెప్పాలి గనుక చెబుతున్నాను. కాని పునాది త్రవ్వినవాని పేరు గోడ కట్టినవాని పేరు వలన చెరిగిపోకూడదు గదా.

రైల్వే పనితో సి. ఎం. సి. కి దేశమంతటా పేరు వచ్చినది. 1986లోనే ఇండోనెట్ అనే జాలాన్ని నడిపి, పెద్ద నగరాలలోని కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపి, సొంత యంత్రం కొనలేని సంస్థలకు కంప్యూటరు వాడుకొనే వీలు కల్పించారు. ఇంటర్నెట్టు మాట మన దేశంలో సామాన్యులకు తెలియని రోజులు అవి. మన రాష్ట్రంలో వారు చేసిన మరొక పెద్ద పని బొంబాయి స్టాకు ఎక్స్ఛేంజిది. దలాల్ వీధిలోని ఆ భవనంలో దళారులు గుంపుగా నిలబడి చేతులు వూపుతూ, కేకలు వేస్తూ షేర్లు అమ్మే పద్ధతి నూరేండ్లనాటిది. 1995లో బోల్ట్ అనే వ్యవస్థ వచ్చి ఆ కేకలను తెరమీది అంకెలుగా మార్చివేసినది. అది సి. ఎం. సి. వారిదే. ఆలోచిస్తే రైల్వే రిజర్వేషనుకూ దీనికీ చుట్టరికం కనబడుతుంది. ఒకే వస్తువుకు ఒకే క్షణాన వందమంది ఎగబడితే ఎవరికి దక్కాలి, దానిని ఎవరూ కాదనలేకుండా ఎట్లా వ్రాయాలి, అన్నదే రెండు చోట్లా ప్రశ్న.

సర్కారు కంపెనీ గనుక దానికి కొన్ని సుఖాలు, కొన్ని కష్టాలు. పెద్ద పనులు ప్రభుత్వ శాఖలనుండి వచ్చేవి. కాని 1991 తరువాత ప్రైవేటు సాఫ్టువేరు కంపెనీలు విజృంభించాయి. జీతాలలో సర్కారు కంపెనీ వాటితో పోటీపడలేదు. ఇక్కడ పని నేర్చినవారు అక్కడికి, కొందరు అమెరికాకు వెళ్ళిపోయారు. 2001లో ప్రభుత్వం కంపెనీలో నూటికి 51 వంతుల వాటాను టాటా సన్స్ వారికి 152 కోట్ల రూపాయలకు అమ్మినది. 2004లో మిగిలిన వాటాను కూడా అమ్మివేసినది. ఇది తప్పో ఒప్పో నిర్ణయించే విద్య నాకు లేదు. సర్కారు జీతం తినే గుమాస్తాగా నా మనస్సు ఎటు మొగ్గుతుందో చదువరులు వూహించుకోగలరు. అయితే అమ్మిన తరువాత కంపెనీ మూతపడలేదు, పెరిగినది అన్నది కూడా నిజమే. హైదరాబాదు గచ్చిబౌలిలో వారి పెద్ద కేంద్రం వుండేది. మన తెలుగు పిల్లలు ఎందరో అందులో పనిచేశారు. కంప్యూటరు శిక్షణ తరగతులు కూడా వూరూరా నడిపేవారు.

2014లో విలీనం ప్రకటించి, 2015 అక్టోబరులో సి. ఎం. సి. ని టాటా కన్సల్టెన్సీలో కలిపివేశారు. 1975లో పుట్టిన కంపెనీ నలభై యేండ్లు పేరుతో బ్రతికి, పేరు లేకుండా అయినది. అందులో విచిత్రం ఒకటి వున్నది. ఐ. బి. ఎం. ను పొమ్మన్నందుకు పుట్టిన కంపెనీ ఇది. ఆ ఐ. బి. ఎం. 1992లో టాటాలతో కలిసి మళ్ళీ మన దేశంలోకి వచ్చి, ఈనాడు ఇక్కడ వేలాది మందికి వుద్యోగాలిస్తున్నది. పోయినవాడు తిరిగి వచ్చాడు, వాడి స్థానంలో కూర్చొన్నవాడు మాత్రం లేడు.

ముందస్తు రిజర్వేషను గడువును 2024 నవంబరు 1 నుండి 120 రోజులనుండి 60 రోజులకు తగ్గించారు. మనవారిలో కొందరికి ఇది ఇంకా తెలియక, నాలుగు నెలల ముందు వచ్చి వట్టిచేతులతో తిరిగి పోతున్నారు. సంఘ సభ్యులు తమ ఇండ్లలో చెప్పవలసినదిగా కోరుతున్నాను.

ఈ యేడు ఉగాదికి సరిగా అరవై రోజుల ముందు, పొద్దున్నే కిటికీ తెరిచే వేళకు మా పెద్దాయన వరుసలో నిలబడి వున్నాడు. ఆయనకు రిటైరైన వుద్యోగులకిచ్చే పాసు వున్నది, ఇంటిలో మనుమడి చేతిలో ఫోను వున్నది. అయినా కిటికీకే వచ్చాడు. "కాజీపేట దాక, కింది బెర్తు ఉంటె చూడు బిడ్డా" అన్నాడు. కింది బెర్తు దొరికినది. కాగితం చేతికి ఇవ్వగానే కళ్ళద్దాలు పెట్టుకొని, బండి నంబరు, తేదీ, పెట్టె నంబరు, బెర్తు నంబరు ఒక్కొక్కటిగా చూపుడువేలు పెట్టి చదువుకొన్నాడు. వెనుకనున్నవారు తొందరపెట్టారు. ఆయన పేరులో చివరి రెండు అక్షరాలు ఎప్పటివలెనే తెగిపోయి వున్నాయి. అది కూడా చూసి, నవ్వి, కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకొన్నాడు.